గొంతుకు అందని చరణం

"ఈసారి పాటలో నన్ను ఏమని తిట్టావ్?" మైకు ముందుకు వస్తూ అడిగింది గాయని.

గిటారు తీగలు బిగిస్తున్నవాడు తలెత్తలేదు. "తిట్లేం లేవు. పాడి చూడు."

ఇద్దరూ విడిపోయినప్పటి నుంచీ అతను కట్టిన ప్రతి పాటా ఆమెకు పెట్టిన శాపనార్థమే. కట్టేది అతను, పాడేది ఆమె. ఊరూరా వేదికలెక్కి, తన మీద తనే దుమ్మెత్తిపోసుకుని చప్పట్లు కొట్టించుకుంది.

"మీరు కలిసే ఉంటే మన బ్యాండు ఎప్పుడో మూతపడేది," అన్నాడు డ్రమ్మరు. ఎవరూ నవ్వలేదు.

ఆమె పాట అందుకుంది. పల్లవి హాయిగానే సాగింది. చరణంలో గొంతు పైకి వెళ్ళి, అందక, జీరబోయింది. మళ్ళీ పాడింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"జలుబు చేసిందా?" అన్నాడు డ్రమ్మరు.

ఆమె గిటారు వైపే చూస్తోంది. "నా గొంతు ఎంతవరకు వెళ్తుందో నీకు తెలియదా? కడుపుమంటతో తిట్టినప్పుడు కూడా దానికి సరిపోయేట్టే కట్టావు కదా!"

తీగల మీద అతని చేయి ఆగింది.

"ఇది ఎవరి చేత పాడించుకుంటూ కట్టావ్?"

"శ్రుతి తగ్గిస్తాలెండి," అన్నాడతను.

ఆ 'అండి' విని డ్రమ్మరు కూడా తల దించుకున్నాడు.

ఆమె గొంతు సవరించుకుంది. "ముందు ఏదైనా పాత పాట వాయించు."

"ఏది?"

"నన్ను బాగా తిట్టిన పాట."