కొంగు కాడ తెగే పోగులు

సిరిసిల్ల పాలిటెక్నిక్‌లో చీరల డిజైన్లన్నీ ఏఐ యంత్రమే గీస్తున్న రోజులవి. విద్యార్థులకు దారి చూపేదీ యంత్రమే. చేనేత కోర్సు రెండో ఏడు చదువుతున్న వినోదకు అది "కోర్సు మారండి" అని మూడోసారి చెప్పింది. ఆమె కాలేజీలో మిగిలిన ఒకే ఒక్క కౌన్సిలర్ యాదమ్మ మేడం దగ్గరికి వెళ్లింది.

"నా చేతితోని ఇగ పని లేదంట మేడం."

"అది గీసిన చీర ఎప్పుడన్న నేసినవా బిడ్డా?"

"నేసిన. కొంగు కాడ పోగులు తెగుతయి. డిజైన్ నేనే సరిజేసుకుంట."

మేడం కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఎట్ల?"

వినోద కాగితం మీద గీస్తూ గంటసేపు చెప్పింది.

"రేపు ఫస్టియర్ పిల్లలకు గిదే చెప్పు. ప్రిన్సిపాల్‌తోని నేను మాట్లాడుత," అన్నారు మేడం.

మర్నాడు మగ్గం చుట్టూ పదకొండు మంది మూగారు. వినోద కొంగు కాడ తెగిన పోగు అందుకుని, డిజైన్ ఎక్కడ మార్చాలో చూపడం మొదలుపెట్టింది.