రాగిపిండి కేకు

మూత మీది నిప్పులు దులిపి, ఎస్తేరమ్మ క్రిస్మస్ కేకు దించింది. ఒక ముక్క కోసి మొగుడికి పెట్టింది. దేవసహాయం నమిలినాడు. నములుతానే ఉన్నాడు.

"మైదా బదులు రాగిపిండి. చక్కెర బదులు రెండు ఖర్జూరాలు. డాక్టరు చెప్పినట్టే చేసినా," అందామె.

"సంగటికి పెండ్లిబట్టలు కట్టినట్టుండాది. సరే, చక్కెర జబ్బు నాది, నేను తింటా. ఊళ్లో పంచే అసలు కేకు యాడ దాచినావు?"

"ఇదే. వేరేది చెయ్యలేదు."

"పెనుకొండంతా నవ్వుతాది గదే!"

"నవ్వనీలే. పోయినేడు అందరూ కేకు తింటాంటే నువ్వొక్కనివే గోడతట్టు తిరిగి కూచున్న్యావు."

దేవసహాయం మిగిలిన కేకును ముక్కలు కోసినాడు. కేకు ముక్కల తట్ట మీద తెల్లగుడ్డ కప్పి, చెప్పులేసుకున్నాడు.

"యాడికి?"

"పంచేకి. మొదట పాస్టరయ్య ఇంటికి పోతా. ఆయనకు పండ్లు గట్టివి."