దాతగారి గోత్రం

వాలిపోయిన రెప్పలు విడి, పడిపోయిన గొంతు తిరిగి వచ్చాక కాశీవిశ్వనాథం మాస్టారు అడిగిన మొదటి మాట ఒకటే.

"ఎవరి పుణ్యమమ్మా ఇది?"

కొత్తపేట ఆసుపత్రిలో ఆయన మంచం పక్కన నిలబడ్డ డాక్టరు హేమ, ఒకప్పుడు ఆయన దగ్గర తెలుగు చదువుకున్న పిల్లే. ముందు నాడి చూసింది.

నిన్న పొద్దున్న పలివెలలో తన పెరట్లో పొయ్యిలోకని కొబ్బరి డొక్కలు సర్దుతుంటే మాస్టారి మణికట్టు మీద తాచుపాము కాటేసింది. పక్కింటి ఫిలిప్ ఆటోలో పడుకోబెట్టి తీసుకొచ్చేసరికి రెప్పలు లేవడం లేదు. భార్య సీతామహాలక్ష్మిని పిలవబోతే గాలి తప్ప మాట రాలేదు. ముప్పై ఆరేళ్లు పద్యాలు చెప్పిన గొంతు. ప్రాణం పోతుందన్న భయం కన్నా గొంతు పోయిందన్న దిగులే ఆయన్ని ఎక్కువగా పట్టుకుంది.

విషానికి విరుగుడు మందు ఎక్కించడం మొదలుపెట్టిన కాసేపటికి ఇంకో ఉపద్రవం. ఒళ్లంతా దద్దుర్లు లేచి ఊపిరి బిగిసింది. హేమ ఆ మందు ఆపి, వేరే ఇంజక్షను చేసి, కుదుటపడ్డాక మళ్లీ మెల్లగా ఎక్కించింది.

ఇప్పుడు ఆ సంగతంతా విడమరిచి చెప్పింది. పాము విషం ఒంటికి పరాయిది. అలాంటి పరాయి సరుకుని యాంటిజెన్ అంటారు. అది కనబడగానే ఒళ్లు ఊరుకోదు, దాన్ని పట్టి అణచడానికి సరిగ్గా సరిపడే యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. కాకపోతే అందుకు రోజులు పడతాయి. తాచుపాము అంత గడువు ఇవ్వదు. అందుకని ముందుగానే ఆ విషాన్ని చుక్కచుక్కగా వేరొకరికి ఎక్కిస్తారు. వారి రక్తంలో యాంటీబాడీలు పెరిగాక, వాటిని తీసి మందు చేస్తారు.

"మరి నాకు దద్దుర్లు ఎందుకు వచ్చేయమ్మా?"

"వారి యాంటీబాడీలు కూడా మీ ఒంటికి పరాయివే కదండీ మాస్టారూ. కాపాడ్డానికి వచ్చిన వాళ్లతోనే మీ ఒళ్లు కాసేపు తగువు పెట్టుకుంది."

మాస్టారికి కళ్లు చెమర్చాయి. ముక్కూ మొహమూ తెలియని తన కోసం ఎవరో విషం ఎక్కించుకుంటున్నారు. ఆ మనిషిని ఊరికే తలుచుకుంటే సరిపోదనిపించింది. ఆశీర్వచనం చెయ్యాలి. చెయ్యాలంటే పేరూ గోత్రమూ కావాలి. ఆ వివరాలు చెప్పమన్నారు.

ఇదే మాస్టారు బళ్లో ఏనాడూ సూటిగా జవాబు చెప్పి ఎరగరు. హేమ ఏది అడిగినా సగం చెప్పి, మిగతా సగం ఇంటికెళ్లి ఆలోచించుకోమనేవారు. ఆ సంగతి ఆవిడ మరిచిపోలేదు.

ఈ మందుకి రక్తం ఇచ్చేవారు చాలామందనీ, హైదరాబాదు అవతల ఒకచోట ఉంటారనీ, అక్కడ అందరికన్నా పెద్దవారి పేరు రాజు అనీ చెప్పింది.

"రాజులా? క్షత్రియులన్నమాట."

"ఆయ్. ఆ నడకా, ఆ నిలబడే తీరూ చూస్తే ఎవరైనా అదే అంటారండీ."

"గోత్రం?"

"అది తెలియదండీ. కానీ తాతముత్తాతల పేర్లన్నీ కాగితం మీద రాసి ఉన్నాయంట."

మాస్టారు తృప్తిగా తలాడించారు. ఈ రోజుల్లో వంశవృక్షం దాచుకునేవాళ్లు ఎక్కడున్నారు? హేమ ఇంకొంచెం చెప్పింది. వారు వయసులో ఉండగా పరుగు పందేల్లో పేరు తెచ్చుకున్నారట. కాలికి దెబ్బ తగిలి అది మానేశాక, ఈ సేవలోకి వచ్చారట. పెళ్లి మాత్రం చేసుకోలేదు.

అంతవరకూ వింటూ కూర్చున్న సీతామహాలక్ష్మి గారికి ఒక్కటే సందేహం. భోజనం సంగతేమిటని అడిగారు.

"పూర్తి శాకాహారం పిన్నిగారూ. కోడిగుడ్డు కూడా ముట్టరు. నానబెట్టిన సెనగలూ బెల్లమూ అంటే ప్రాణం."

"చూశావా," అన్నారు మాస్టారు భార్యతో. "నియమం అంటే అదీ. ఆ నిష్ఠే నా ఒంట్లో పనిచేసింది."

హేమ కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గింది.

రెండు నెలలు తిరిగాయి. మాస్టారి గొంతు మునుపటిలా ఖంగుమంటోంది. హేమ ఫోన్ చేసి, దాతగారిని వెళ్లి చూడ్డానికి అనుమతి ఇప్పించింది. మాస్టారు బండారులంక నేత కండువా ఒకటి కొన్నారు. సీతామహాలక్ష్మి గారు సెనగలు మూటకట్టారు. రైల్లో దారి పొడుగునా ఆయనకి ఒకటే బెంగ. అంతటి త్యాగశీలి ఎదుట నిలబడి ఏం మాట్లాడాలి? మీరంటే బాగుంటుందా, తమరంటే బాగుంటుందా? తమరు అనే ఖాయం చేసుకున్నారు.

అక్కడి మేనేజరు వంశీధర్ అనే కుర్రవాడు. ఎదురొచ్చి, హేమ గారు అంతా చెప్పారనీ, రాజు ఇప్పుడే స్నానం చేసి తయారుగా ఉన్నాడనీ అన్నాడు. ఆ 'ఉన్నాడు' అన్న మాట మాస్టారికి ములుకులా గుచ్చుకుంది. పెద్దవారిని పట్టుకుని ఏకవచనం ఏమిటి బాబూ అని మెత్తగానే మందలించారు. వంశీధర్ నాలుక్కరుచుకుని, "రాజుగారు లోపలున్నారండీ" అని దిద్దుకున్నాడు.

పొడవాటి వసారా చివర తలుపు తీశాడు.

చెప్పులు విడిచి, భక్తిగా లోపలికి అడుగుపెట్టిన మాస్టారు కాసేపు కదలకుండా నిలబడి, ఆ తర్వాత నెమ్మదిగా రెండు చేతులూ జోడించింది, చెవులు నిక్కించి తనకేసే చూస్తున్న ఒక ఎర్ర గుర్రానికి.