తోక అక్షరం

“సున్నా అంటే నాకు నమ్మకం లేదు. తీసెయ్యకు,” అంది భాషలు చదువుకున్న పెద్దావిడ.

కీబోర్డు డిజైనర్ తెర మీంచి చూపు తిప్పలేదు. తెర మీద కీల పటం ఉంది. కుడిచేతి చిటికెన వేలికి అందే చోట ఒకే ఒక్క కీ మిగిలింది. దానికోసం రెండు గుర్తులు పోటీ పడుతున్నాయి. ఒకటి గుమాస్తాలంతా అడుగుతున్న పొడుగు గీత. రెండోది కింద చిన్న తోక వేలాడే పాత అక్షరం. నాలుగింటికల్లా కొత్త పటం పరీక్షలో ఉన్న కంప్యూటర్లన్నిటికీ వెళ్ళిపోవాలి. ఇంకా పది నిమిషాలుంది.

“మూడు నెలలు మేడం! ఆరు ఆఫీసులు, ఒక ఆస్పత్రి. కోటి నొక్కులు లెక్కపెట్టాం. తోక అక్షరం జోలికి ఒక్కరూ పోలేదు.”

“పొరపాటునైనా ఒక్క వేలు జారలేదా? పిల్లి నడిచినా ఒకటో రెండో పడతాయి కదా బాబూ.”

“జారి చెరిపేసినవి లెక్కలోకి తీసుకోం. పాస్‌వర్డ్‌లలో కొట్టినవి, ఆటల్లో కొట్టినవి కూడా అంతే. మిగిలిందే అసలు లెక్క.”

“అంటే ఊడ్చి ఊడ్చి సున్నా చేశావన్నమాట.”

అతను నవ్వాడు. నవ్వుతూనే బల్ల మీద బోర్లించిన ఫోన్‌ని ఒకసారి తిప్పి చూసి, మళ్ళీ బోర్లించాడు. పరీక్షలో ఉన్న ఆ ఆస్పత్రిలోనే అతని భార్య రెండింటి నుంచీ ఆపరేషన్ గదిలో ఉంది. అక్కడి బ్లడ్‌బ్యాంకులో నర్సుగా చేస్తున్న అక్క, “గోళ్ళు కొరుక్కుంటూ నా ప్రాణం తియ్యకు, పోయి పని చూసుకో, నేనున్నాగా” అని తరిమేసింది. కళ్ళముందు అంకెలున్నంతసేపూ భయం తన దగ్గరికి రాదని అతనికి తెలుసు. బొటనవేలు మాత్రం బల్ల అంచుని గోకుతూనే ఉంది.

“ఎక్కడో ఎవరికో అవసరం ఉండే ఉంటుంది,” అంది పెద్దావిడ.

“ఉంటే అంకె ఉండేది మేడం.”

తోక అక్షరాన్ని పటంలోంచి తీసేశాడు. ఆ చోట పొడుగు గీత పెట్టి, నాలుగు కొట్టగానే పంపేశాడు. రోజుకి ఒక్క మార్పే. ఇక రేపు నాలుగింటిదాకా ఎవరూ దాన్ని కదపలేరు. ఆ నియమం పెట్టిందీ అతనే.

“సరే, దాని కర్మ,” అని పెద్దావిడ తన కాయితాలన్నీ తీరిగ్గా సర్దుకుని సంచీ భుజాన వేసుకుంది.

ఆవిడ తలుపు దాకా వెళ్ళేసరికి ఫోన్ మోగింది.

“అక్కా! అయిపోయిందా?”

“ఇంకా లేదురా. రక్తం ఆగట్లేదు. వెంటనే రెండు సంచులు కావాలంటున్నారు.”

“మొన్ననే తెచ్చి పెట్టాంగా! లేవా?”

“ఉన్నాయి. అద్దంలోంచి కనిపిస్తున్నాయి కూడా. ఫ్రిజ్ తాళం కంప్యూటర్లోంచే తియ్యాలి, తెరుచుకోవట్లేదు. నా పాస్‌వర్డ్ కొడితే తప్పంటోంది. అయిదుసార్లు కొట్టాను.”

“కంగారుపడకు. ఒక్కో అక్షరం మెల్లగా కొట్టు.”

“నా వేళ్ళకేం కాలేదు! కొట్టింది కనిపించేలా కంటి బొమ్మ నొక్కి చూశాను. చివర నేను కొట్టేదొకటి, పడేదొకటి. ఏదో గీత పడుతోంది.”

పెద్దావిడ తలుపు పట్టుకుని ఆగిపోయింది. డిజైనర్ తెర వైపు చూశాడు. చిటికెన వేలి చోట పొడుగు గీత నల్లగా, బారుగా పడుకుని ఉంది.

“అక్కా,” అన్నాడు. “చివర ఏం పెట్టుకున్నావు?”

“నువ్వే కదరా చెప్పావు, ఎవరూ వాడని అక్షరం పెట్టుకో, చచ్చినా ఎవరికీ దొరకదని!”