రాళ్ళ మధ్య పౌచ్

"పాస్‌పోర్టుల పౌచ్ ఏదీ?" అంటూ జనార్దన్ కుర్చీ కిందికి వంగి చూశాడు.

"చోప్ చేసొచ్చాను," అంది సరోజిని నింపాదిగా నీళ్ళు తాగుతూ.

జనార్దన్ ఉలిక్కిపడి తలెత్తాడు. సింగపూర్‌లో అయితే అది రోజూ వినే మాటే. ఫుడ్ సెంటర్లో టేబుల్ మీద ఒక టిష్యూ ప్యాకెట్ పడేస్తే ఆ చోటు మనదైపోతుంది, చోప్ అంటే అదే. ఫోను పెట్టి వెళ్ళినా ముట్టుకునేవాడు ఉండడు. కానీ వాళ్ళిప్పుడున్నది గ్రీసులో, థెస్సలొనీకి ఊళ్ళో. సాయంత్రం ఏడింటికి తిరుగు ఫ్లయిటు.

"పౌచ్ పెట్టి చోప్ చేస్తారటే ఎవరైనా? టిష్యూ ఏమైంది?"

"గాలికి ఎగిరిపోదూ?"

"ఎక్కడ పెట్టావు?"

"రాళ్ళ దగ్గర. మంచి నీడండీ. మీరొస్తే హాయిగా కూర్చుంటారని."

"ఏ రాళ్ళ దగ్గర?"

"నాకేం తెలుసు? అన్నీ రాళ్ళేనని పొద్దున మీరేగా అన్నారు."

అన్న మాట నిజమే. ఎప్పుడో రోమన్లు కట్టినవి ఊరంతా ఉన్నాయి, చూద్దాం పదండని ఆవిడ మూడు రోజులుగా పోరుతోంది. సింగపూర్ జురాంగ్ ఐలాండ్ కెమికల్ ప్లాంటులో ముప్ఫై ఏళ్ళు నిలబడ్డ కాళ్ళు, ఇకనైనా కూర్చోనివ్వమని ఆయన సముద్రం ఒడ్డున ఈ కాఫీ కొట్టుకి అతుక్కుపోయాడు. చేసేది లేక ఇవాళ ఆవిడ ఒక్కతే బయల్దేరి, అరగంటలో తిరిగొచ్చింది. ఆ అరగంటలోనే కొంప ముంచింది.

"పద," అని లేచాడు జనార్దన్. ఆ విసురుకి సగం కాఫీ టేబుల్ పాలైంది.

మొదట పాత రచ్చబండ లాంటి మైదానం. ఒక పక్కన అర్ధచంద్రాకారంలో రాతి మెట్లు. అరవయ్యారేళ్ళ మనిషి ఆ మెట్లన్నీ ఎక్కి, దిగి, మళ్ళీ ఎక్కాడు. సరోజిని కింద నిలబడి బోర్డు చదువుతోంది.

"ఇక్కడ పాటకచేరీలు జరిగేవటండీ."

"పౌచ్ సంగతి చెప్పవే తల్లీ."

"ఇది కాదేమో. నేను పెట్టిన చోట గుర్రాలు చెక్కి ఉన్నట్టు గుర్తు."

గుర్రాలున్నది పెద్ద కమాను మీద. అక్కడికి చెమటలు కక్కుతూ చేరారు. కమాను కింద కాలేజీ పిల్లలు కూర్చుని ఉన్నారు. జనార్దన్ వాళ్ళకి చేతులతో పౌచ్ ఆకారం గీసి, జిప్పు లాగి, రెక్కలు చాపి విమానం ఎగరేసి చూపించాడు. వాళ్ళకి భలే నచ్చింది. ఆయనతో ఫోటో దిగారు. ఆవిడ ఈలోగా కమాను చుట్టూ తిరిగి గుర్రాలనీ, సైనికులనీ తీరిగ్గా చూసింది.

"ఇదీ కాదండీ. గుండ్రంగా ఉండాలి."

గుండ్రంగా ఉన్న కట్టడం నాలుగడుగుల దూరంలోనే ఉంది. లోపలికి పరిగెత్తి జనార్దన్ గూడు గూడునా చెయ్యి పెట్టి తడిమాడు. చివరికి దేవుడా అని తల పైకెత్తాడు. పైన గుమ్మటం నిండా బంగారు రంగు రాళ్ళ బొమ్మలు. ఎత్తిన తల ఆయన దించలేదు.

"సరోజా, ఈ గోడ మందం చూశావా? ఆరు మీటర్లకి తక్కువుండదు. మా ప్లాంటులో ట్యాంకు పునాదికి కూడా ఇంత కాంక్రీటు పొయ్యలేదే."

"పౌచ్ అండీ," అని ఆవిడే గుర్తు చేయాల్సి వచ్చింది.

ఇక మిగిలింది పడిపోయిన రాజభవనం. మోకాలెత్తు గోడలు, మధ్యలో రంగురాళ్ళు పరిచిన నేల. టైము నాలుగు దాటింది. జనార్దన్‌కి ఏడుపొక్కటే తక్కువ. ఎంబసీకి ఫోన్ చేద్దామని జేబులో చెయ్యి పెట్టేసరికి, ఒక గోడ చాటున సరోజిని వంగి లేచింది. చేతిలో పౌచ్.

జనార్దన్ దాన్ని కళ్ళకద్దుకున్నాడు. పాస్‌పోర్టులు రెండూ ఉన్నాయి. ఆ సంతోషంలో భార్యని తిట్టడం కూడా మరిచిపోయి, ఆ నేల మీది రంగులన్నీ ఆవిడతో కలిసి ఇంకో పది నిమిషాలు చూశాడు.

మరుసటి ఆదివారం సింగపూర్‌లో, ఇంటి దగ్గరి బుకిట్ బటోక్ ఫుడ్ సెంటర్లో ఈ కథ మూడోసారి నడుస్తోంది. వింటున్నది పక్క బ్లాకు కేశవరావు, అతని భార్య లలితకుమారి.

"రెండున్నర గంటలోయ్ కేశవరావ్. అంత మంది తిరిగే చోట ఒక్కడంటే ఒక్కడు ముట్టుకోలేదు. మనమొక్కళ్ళమే మంచివాళ్ళమనుకుంటాం గానీ, లోకమంతా సింగపూరే. వచ్చే ఏడు రోమ్ వెళ్తున్నాం. సరోజ వద్దన్నా వినేది లేదు," అని జనార్దన్ టీ తేవడానికి లేచాడు. కేశవరావు ఫోను మోగితే అతను పక్కకి వెళ్ళాడు.

లలితకుమారి ముందుకి వంగి గొంతు తగ్గించింది. "నిజం చెప్పు వదినా, రెండున్నర గంటలూ ఆ పౌచ్‌ని ఎవరూ ముట్టుకోలేదా?"

నాలుగు టీలు పెట్టిన ట్రేతో అప్పుడే వెనక్కి వచ్చి నిలబడ్డ జనార్దన్‌కి సరోజిని జవాబు స్పష్టంగా వినిపించింది.

"నా హ్యాండ్‌బ్యాగులోంచి బయటికి తీస్తే కదమ్మా, ఎవరైనా ముట్టుకోవడానికి."