ఆరో అంతస్తు కర్ర

దబ్‌మని నేల అదిరింది. బోమి పియానో ఆపేసింది. వాళ్లమ్మ ఏడో అంతస్తు నుంచి చెప్పులైనా తొడుక్కోకుండా దిగి, 602 తలుపు బాదింది.

ముసలాయన యోమ్ తలుపు తీశాడు. పైకప్పును పొడిచిన మాపు కర్ర ఇంకా చేతిలోనే ఉంది.

"మీ వయసేంటి, మీరు చేసే పనేంటి? మూడు వారాలుగా పిల్లని స్వరాల వరస చివరిదాకా పోనివ్వడం లేదు. దబ్‌మనగానే ఆగి, మళ్లీ మొదలెడుతోంది."

"ఆ వరస వినలేక నా చెవులు చిల్లులు పడుతున్నాయమ్మా! డో స్వరం నుంచి మొదలెడితే అన్నీ తెల్లమెట్లే. సోల్ స్వరం నుంచి మొదలెడితే అలా కుదరదు, ఏడోది నల్లమెట్టు మీద పడాలి. ఎక్కడ మొదలెట్టినా ఏడో స్వరానికీ ఎనిమిదో స్వరానికీ మధ్య అర స్వరమే దూరం..."

"మీ పాఠం ఎవడిక్కావాలి? శనివారం పరీక్ష. తప్పితే దాన్ని చిన్నపిల్లల తరగతిలోకి తోసేస్తారు!"

"తోసెయ్యనివ్వండి. నాకు ప్రాణం హాయి."

ఈ గొడవకి నాలుగో అంతస్తు నుంచి బ్లాకు ప్రతినిధి నామ్ వచ్చింది. ఇద్దరినీ అరవనిచ్చి, కాగితం తీసి రాసింది: పియానో ఐదు నుంచి ఆరు వరకే. కర్ర ఎప్పుడూ వద్దు. ఇద్దరూ సంతకానికి బదులు తమ పేరు ముద్రలు వేశారు. బోమి తల్లి అంతటితో ఊరుకోలేదు. ఆయన చేతిలోని కర్ర లాక్కుని పైకి పట్టుకుపోయింది.

మర్నాడు, గురువారం, ఐదింటికి పియానో మొదలైంది. ఎనిమిది స్వరాలూ పూర్తయ్యాయి. కింద చప్పుడు లేదు. రెండోసారీ లేదు.

"చూశావా, ఎంత హాయిగా ఉందో!" వంటింట్లో ముల్లంగి తరుగుతూ అంది తల్లి.

మూడోసారి పియానో మధ్యలో ఆగింది. తర్వాత వీధి తలుపు చప్పుడైంది.

602 గంట మోగింది. యోమ్ తలుపు తీస్తూనే విరుచుకుపడ్డాడు.

"నేనేం కొట్టలేదు! కర్ర మీ అమ్మ దగ్గరే ఉంది. పో!"

బోమి వీపు వెనక దాచిన మాపు కర్రని రెండు చేతులతో ఆయన ముందుకు చాపింది.

"ఎల్లుండే పరీక్ష, తాతయ్యా. మీరు కొట్టకపోతే ఏ స్వరం తప్పిందో నాకెలా తెలుస్తుంది?"