తొమ్మిదో పెట్టె

తొమ్మిదో పెట్టె ఈసారీ నేల తడిగానే ఉందంది. ధర్మవరం ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్న షఫీ తల పట్టుకున్నాడు.

2008. వాన ముఖం చూడని ఏడు. కనగానపల్లి దగ్గర ఒక ఊళ్ళో, వేరుశనగ చేలల్లో గుంజలు పాతి, నేల తడి కొలిచే పన్నెండు పెట్టెలు బిగించారు. పదకొండూ నేల ఎండిందన్నాయి. సోమవారం రిపోర్టు పోవాలి. ఒక్క పెట్టె తడి అన్నా ఊరిని కరువు జాబితాలో చేర్చరని, గొడ్లకు గడ్డి రాదని పై అధికారి తేల్చేశాడు.

చదువుకున్నవాడు కదా, తప్పు పెట్టెను నడిపే ప్రోగ్రాంలోనే ఉంటుందనుకున్నాడు షఫీ. బ్యాటరీ మిగలాలని ఆ పెట్టెలు రోజంతా నిద్రపోయి, పొద్దున ఒక్క నిమిషం మేలుకుంటాయి. ఆ నిమిషంలో ప్రోగ్రాం మొత్తం కాకుండా, మార్చిన ముక్క మాత్రం ఆఫీసు నుంచి మొదటి పెట్టెకు పంపితే, అది పక్కదానికి, పక్కది ఆ పక్కదానికి అందిస్తుంది. అలా మూడుసార్లు పంపాడు. బ్యాటరీలు తరిగాయే తప్ప తొమ్మిదోది మాట మార్చలేదు. చేసేది లేక బస్సెక్కాడు.

తొమ్మిదో పెట్టె ఉన్నది చిన్నమ్మ అనే రైతు చేలో. మార్చిలో ఆ గుంజ పాతింది షఫీయే. చేనంతా గడ్డపార దిగని నేల. ఓ మూల మాత్రం మట్టి మెత్తగా ఉంటే సంబరపడి, అడ్డమొచ్చిన నాలుగు రాళ్ళూ తీసి అవతల పడేశాడు. చిన్నమ్మ గట్టు మీద నిలబడి చూసింది.

ఇప్పుడు ఆ రాళ్ళు గుంజ చుట్టూ మళ్ళీ పేర్చి ఉన్నాయి. పక్కనే కనకాంబరాలు. మట్టి నిజంగానే తడిగా ఉంది. పెట్టెను దేవుణ్ణి చేసి మొక్కుతోందన్నమాట. అక్కడే ఉన్న చిన్నమ్మను చూసి షఫీకి ఒళ్ళు మండింది.

"నీళ్ళు పోస్తాండావా అక్కా?"

"దినామూ ఒక చెంబు సార్. నేను తాగే నీళ్ళల్లోనివే."

పెట్టెకు పూజ చేస్తే వాన రాదని, ఆమె చెంబు నీళ్ళకు ఊరి గొడ్లన్నీ ఆకలితో చస్తాయని అరిచాడు. ఆమె తలొంచుకుని అంతా వింది. తర్వాత వంగి, పక్కకు జరిగిన రాయిని సరిచేసింది.

"పెట్టెకు గాదు సార్," అంది మెల్లగా. "ఆ పొద్దు నీకు చెప్పేకి నోరు రాలేదు."

షఫీ ఆ రాళ్ళ వంక చూశాడు.

"ఆ గుంజ కింద నా బిడ్డ ఉండాది."